యంత్రం పాట, చెవి తీర్పు



కంప్యూటర్ సంగీతం అనగానే యంత్రాల పేర్లు, వాటి వేగాలు చెప్పుకోవడం అలవాటు. ఈ సాయంత్రం నేను మనుషుల గురించి, వాళ్ళ చెవుల గురించి మాట్లాడతాను. యంత్రం వేగం పెంచడం ఇంజనీర్లకు తెలిసిన విద్యే. మన చెవి దేన్ని ట్రంపెట్ అంటుంది, దేన్ని ఉత్త మోత అని తోసిపుచ్చుతుంది? ఈ సంగతి తేల్చడానికే ఎక్కువ కష్టపడాల్సి వచ్చింది.

తొలి పాటలు వినిపించిన కంప్యూటర్లు సంగీతం కోసం కట్టినవి కావు. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరంలో ఒక కంప్యూటర్ ఉండేది. తర్వాతి రోజుల్లో దానికి సైరాక్ అని పేరు పెట్టారు. లెక్క ఎంతవరకు వచ్చిందో పనిచేసేవాళ్ళకు వినబడాలని దానికొక స్పీకరు తగిలించారు. జెఫ్ హిల్ అనే ప్రోగ్రామర్ ఆ స్పీకరుకు వెళ్ళే విద్యుత్ స్పందనలను లెక్కకట్టి సర్ది, 1951లో ఒక సదస్సుకు వచ్చినవాళ్ళ ముందు పాటలు వాయింపజేశాడు. సెకనుకు 440 సార్లు టిక్కుటిక్కుమంటే చెవి ఆ టిక్కులను లెక్కపెట్టదు, ఒక స్వరంగా వింటుంది. ఇంగ్లండులో మాంచెస్టర్‌లోని ఫెరాంటీ మార్క్ 1 మీద క్రిస్టఫర్ స్ట్రాచీ తమ జాతీయగీతం వాయించే ప్రోగ్రాము రాశాడు. ఆ యంత్రం పాటలను అదే 1951లో బిబిసి రికార్డు చేసింది. అయితే ఈ రెండు చోట్లా అదుపులోకి వచ్చినవి శ్రుతి, కాలప్రమాణం మాత్రమే. నాదంలోని గుణం రాలేదు.

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో లెజారెన్ హిల్లర్, లెనార్డ్ ఐజాక్సన్ మరో దారి పట్టారు. కంప్యూటర్ గుడ్డిగా అంకెలు ఎన్నుకుంటుంది, స్వరాలు కూర్చే నియమాలకు సరిపడనివాటిని తీసి పారేస్తుంది. అలా 1957 నాటికి పూర్తయినదే 'ఇల్లియాక్ సూట్'. యంత్రం కూర్చింది కాగితం మీది స్వరాలనే, వాటిని వాయించింది మాత్రం నలుగురు తంత్రీవాద్యకారులు.

అసలు మలుపు టెలిఫోను పరిశోధన దగ్గర వచ్చింది. న్యూజెర్సీలోని బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ ఇంజనీరు. సరదాగా వయొలిన్ కూడా వాయించేవాడు. మాటను అంకెలుగా మార్చి తీగల మీద పంపడం ఎలాగన్నది అక్కడి ప్రశ్న. ధ్వనిని అంకెలు చేసే పరికరం, అంకెలను మళ్ళీ ధ్వని చేసే పరికరం అందుకే తయారయ్యాయి. ఆయన పైఅధికారి జాన్ పియర్స్‌కు సంగీతమంటే ప్రాణం. ఇద్దరూ కలిసి ఒక కచేరీకి వెళ్ళినప్పుడు, ఇంతకన్నా బాగా కంప్యూటర్ వాయించగలదు, నువ్వొక ప్రోగ్రాము రాయమని పియర్సే పురమాయించాడు. అలా 1957లో పుట్టింది 'మ్యూజిక్ 1'.

ఇందులోని కీలకం చాలా సులువు. సినిమా రీలులో కదలికను విడివిడి బొమ్మలుగా కోసినట్టే, ధ్వని తరంగాన్ని సన్నసన్నగా కోసి ఒక్కో ముక్క ఎత్తును ఒక్కో అంకెగా రాయవచ్చు. ముక్కలు చాలినన్ని ఉంటే చెవి తేడా పట్టలేదు. మన సీడీలో ఒక్కో చానెల్‌కు సెకనుకు 44,100 అంకెలుంటాయి. అంకెలు వరసగా రాయగలిగితే ఏ ధ్వనినైనా పుట్టించవచ్చు కదా! ఐబిఎం 704 మీద లెక్క చేయించడానికి మాథ్యూస్ బృందం న్యూయార్క్ నగరానికి వెళ్ళేది. అంకెల టేపు తిరిగి ప్రయోగశాలకు తెచ్చి ధ్వనిగా మార్చేది. మొదట వినబడిన రచన న్యూమన్ గట్మన్ చేసినది, నిడివి 17 సెకన్లు.

తర్వాతి ప్రోగ్రాముల్లో మాథ్యూస్ ధ్వని పుట్టించే పనిని చిన్నచిన్న అంగాలుగా విడగొట్టాడు. తరంగం పుట్టించేది ఒకటి, రెంటిని కలిపేది మరొకటి, ఇలా కావలసినవాటిని జతచేసి ఎవరి వాద్యం వాళ్ళు కట్టుకోవచ్చు. నేటి సంగీత సాఫ్ట్‌వేర్‌కు పునాది అదే. 1961లో బెల్ ప్రయోగశాల కంప్యూటర్ 'డైసీ బెల్' అనే పాత పాట పాడింది. గొంతు కట్టింది జాన్ కెల్లీ, కారల్ లాక్‌బామ్. వాద్య సహకారం మాథ్యూస్‌ది. రచయిత ఆర్థర్ క్లార్క్ అది విన్నాడు. ఆయన కూడా కలిసి రాసిన, 1968లో వచ్చిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సినిమాలో హాల్ అనే కంప్యూటర్ చివరి క్షణాల్లో పాడే పాట ఇదే.

ఇంత చేసినా చిక్కు మిగిలే ఉంది. పుస్తకాల్లో ఉన్న కొలతల ప్రకారం ట్రంపెట్ ధ్వని కట్టి వింటే అందులో ట్రంపెట్ లేదు! ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్ క్లోద్ రిస్సే అనే భౌతిక శాస్త్రవేత్త, స్వరకర్త కూడా అయిన మనిషి, 1960ల నడుమ ఈ చిక్కు విప్పాడు. అసలు ట్రంపెట్ స్వరాన్ని క్షణక్షణం కొలిచాడు. ఊదు బలం పెరిగేకొద్దీ అందులోని పై పౌనఃపున్యాల పాలు ఎక్కువవుతుంది. తగ్గితే అవీ సన్నగిల్లుతాయి. గుణం స్థిరంగా ఉండదు, స్వరంతోపాటు కదులుతుంది. ఈ కదలికను అంకెల్లో పెట్టాక చెవి ట్రంపెట్‌ను ఒప్పుకుంది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ అనే స్వరకర్త మాథ్యూస్ వ్యాసం చదివి ఈ దారిలోకి వచ్చాడు. వయొలిన్ మీద వేలు ఊపితే వచ్చే కంపనాన్ని 1967లో కంప్యూటర్‌లో అనుకరిస్తూ, దాని వేగం, విస్తారం ఊరికే పెంచుతూ పోయాడు. ఒక హద్దు దాటాక ఊపు వినబడటం మానేసి కొత్త నాదం పలికింది. రెండే తరంగాలు, ఒకటి రెండోదాన్ని ఊపుతుంది, అంతే! గంటలు, కొమ్ము వాద్యాలు అన్నీ పలికాయి. ఎఫ్.ఎం. రేడియో సూత్రమే ఇది. దాన్ని నాదం కోసం వాడవచ్చునని చౌనింగ్ కనిపెట్టింది చెవితోనే, దాని వెనక లెక్క తర్వాత చూసుకున్నాడు. అమెరికా ఆర్గన్ వాద్యాల కంపెనీలు ఈ పద్ధతిని పట్టించుకోలేదు. జపాన్ యమహా తీసుకుంది. 1983లో వచ్చిన డిఎక్స్ 7 కీబోర్డు లక్షకు పైగా అమ్ముడుపోయింది. ఈ పద్ధతి పేటెంటు మీద స్టాన్‌ఫర్డ్‌కు వచ్చిన రాబడి రెండు కోట్ల డాలర్లు దాటింది.

ఇక్కడున్న విద్యార్థులతో ఒక మాట. కీబోర్డు మీద గాంధారం మెట్టు నొక్కితే తోడి రాగం రాదు. విద్వాంసులు ఆ గాంధారాన్ని ఊపే తీరులో తోడి ఉంది. రిస్సే ట్రంపెట్‌ను కొలిచినంత ఓపికగా ఆ ఊపును కొలవాలంటే రాగం తెలిసిన చెవి కావాలి. సీసౌండ్, ప్యూర్ డేటా వంటి ప్రోగ్రాములు ఈ పరంపరలోనివే, పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు ప్రోగ్రామింగ్ కూడా నేర్చుకోండి. ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్ళు ఏదో ఒక గురువు దగ్గర కూర్చుని శ్రుతి పట్టడం నేర్చుకోండి.