నికోడీమస్ గ్రామము



సామాన్యులైన రైతులు తమ యూరి చరిత్రను కాపాడుకొనిన విధమును నేఁడు మీకు మనవి చేసెదను.

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున నికోడీమస్ అను చిన్న గ్రామము గలదు. బానిసత్వమునుండి విముక్తులైన నల్లజాతివారు కెంటకీనుండి వచ్చి 1877లో దానిని స్థాపించిరి. ఆ మైదానమున చెట్లు అరుదు; ఇండ్లకు కలప దొరకదు. అందుచే నేలను త్రవ్వి, ఆ గుంటలలోనే తొలి శీతకాలము గడపిరి. పిమ్మట పొలములు సాగుచేసి, బడిని, ప్రార్థనాలయములను, సత్రమును నిర్మించుకొనిరి. 1888లో రైలుమార్గము వారి యూరిని తప్పించి పోయెను. వర్తకులు తరలిపోయిరి; క్రమముగా జనము తగ్గెను.

అయినను ఆ యూరి కథ మాసిపోలేదు. దేశమంతట చెదరియున్న వారి సంతతివారు ఏటేట వేసవిలో విముక్తి యుత్సవమునకై అచ్చటికి వచ్చి, పెద్దల కష్టములను పిల్లలకు చెప్పుచున్నారు. 1988లో చరిత్రసంఘ మొకటి వెలసెను. 1996లో ప్రభుత్వము ఆ గ్రామమును జాతీయ చారిత్రకస్థలముగా నేర్పరచెను. నేఁడచ్చట అయిదు పాత కట్టడములు రక్షణలో నున్నవి.

నాకు తోచునది యొక్కటే. గుంటలలో కాఁపురము చేసితిమని చెప్పుకొనుటకు వారు సిగ్గుపడలేదు. కావుననే అది నేఁడు మనకు తెలిసినది. పెద్దలారా, మీ యూరిని నిలిపినవారి కష్టములను మనుమలకు చెప్పుఁడు, వ్రాసి యుంచుఁడు.