ఆఖరి బస్సు ఎన్ని గంటలకు?

(కడియంలో యువతీయువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంటర్మీడియట్ పూర్తి చేసిన కుమార్తెను డిగ్రీకి ఎందుకు పంపలేదని ఒక తండ్రిని అడిగాను. ఆయన డబ్బు మాట ఎత్తలేదు, మతం మాట అసలే ఎత్తలేదు. "చీకటి పడితే ఎలా వస్తుందండీ?" అన్నారు. ఈ ప్రశ్నకు ఉపన్యాసం సమాధానం కాజాలదు. సాయంత్రం రాజమహేంద్రవరం నుండి కడియం వైపు వేళకు బయలుదేరే బస్సే సమాధానం. కొడుకు విషయంలో ఆయనకు ఇదే సందేహం ఎందుకు రాలేదన్నది వేరే చర్చ. దానిని నేను మరచిపోలేదు.

2006 నాటి సచార్ కమిటీ నివేదికను మనం తరచుగా ఉటంకిస్తాము. చదువుల లెక్కలు, కొలువుల లెక్కలు చెబుతాము. ముస్లింలు ఎక్కువగా నివసించే గ్రామాలలో పక్కా రహదారులు, బస్‌స్టాపులు కొరవడిన సంగతిని కూడా ఆ నివేదిక పేర్కొన్నది. ఆ పుటను మాత్రం దాటవేస్తాము. గోదావరి డెల్టాలో మన స్థితి కొంత భిన్నం. ఇక్కడ మనము ఊరికి కొన్ని కుటుంబాలుగా చెదరి ఉన్నాము. ఒంటరిగా వెళ్ళి అడిగితే మన గొంతు వినిపించదు. కానీ మన అమ్మాయి ఎదురుచూసే బస్సు కోసమే కడియపులంక, బుర్రిలంక నర్సరీలలో పనిచేసే కూలి తల్లులు, పూలబుట్టలతో వెళ్ళేవారు, దుళ్ల, జేగురుపాడు విద్యార్థులు ఎదురుచూస్తారు. కనుక వినతిపత్రంపై అన్ని వీధుల సంతకాలూ ఉండవలెను.

2025 ఆగస్టు 15 నుండి మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సులలో ఉచిత ప్రయాణం అమలవుతున్నది. మంచిదే. అయితే బస్సు రాని వేళలో ఉచితానికి అర్థం లేదు. షేర్ ఆటోకు డబ్బు చెల్లించవలసిందే. మరొక మాట. సున్నా టికెట్టే కదా అని తీసుకోకుండా దిగిపోకండి. మీరు ప్రయాణించినట్లు లెక్కలో చేరేది ఆ టికెట్టు ద్వారానే.

2021లో తెలంగాణలోని రంగారెడ్డి జిల్లా మంచాల మండలం నుండి ఎనిమిదవ తరగతి బాలిక ఒకతె, తమ ఊరికి ఆగిపోయిన బస్సును గురించి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ గారికి లేఖ వ్రాసింది. ఆయన ఆర్టీసీ ఎండీ సజ్జనార్ గారి దృష్టికి తీసుకువెళ్ళారు. బస్సు తిరిగి వచ్చింది. ఆ చిన్నారి ధైర్యానికి జేజేలు పలకవలసిందే. కాని ఒక పల్లె బస్సు కోసం సుప్రీంకోర్టు తలుపు తట్టవలసి వచ్చిందంటే, నడుమ ఉన్న సర్పంచి, ఎంపీటీసీ, శాసనసభ్యుడు, పార్లమెంటు సభ్యుడు ఇందరి తలుపులు ఏమైనట్లు? మనము ఆ తలుపులనే ముందుగా తట్టుదాము.

ఒకప్పుడు కడియం పేరుతోనే శాసనసభ నియోజకవర్గం ఉండేది. పునర్విభజన తరువాత 2009 ఎన్నికల నుండి మన మండలం రాజమహేంద్రవరం గ్రామీణ నియోజకవర్గంలో ఉన్నది. పేరు పోయింది గాని ఓటు పోలేదు. 2020 జనవరి 1 నుండి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వోద్యోగులయ్యారు. కనుక బస్సు విషయాన్ని శాసనసభలో ప్రశ్నగా లేవనెత్తమని ఎమ్మెల్యే గారిని కోరే హక్కు మనకు మరింత బలపడింది.

అయితే "బస్సులు పెంచండి" అని వ్రాసిన కాగితం దస్త్రంలో నిద్రపోతుంది. ఏ స్టాపులో, ఏ వేళకు, ఎంతమంది నిలబడ్డారో, బస్సు ఎప్పుడు వచ్చిందో, నిండిపోయి ఆగకుండా వెళ్ళిందో, నెల రోజులు వ్రాయండి. ఆ లెక్కతో గ్రామసభలో తీర్మానం కోరండి. తీర్మానం ప్రతిని ఎమ్మెల్యే గారికి, డిపో మేనేజరుకు ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ నమోదు చేయించండి. "ఆ రూటులో ఆదాయం లేదు" అన్నచో కోపగించవద్దు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఆ రూటు లెక్కలు అడగండి. 30 రోజులలో జవాబివ్వాలి. వారి లెక్క పక్కన మన లెక్క పెడదాము. మన లెక్క తప్పని తేలితే ఒప్పుకుందాము, వేళ మార్చి అడుగుదాము.

వెళ్ళేటప్పుడు ఫొటో కోసం వెళ్ళవద్దు. శాలువా కప్పి వచ్చేస్తే పని అక్కడితో ఆగుతుంది. నలుగురు చాలు, అందులో ఇద్దరు అమ్మాయిలు ఉండాలి, మాట్లాడేది వారే కావాలి. తిరిగి ఎప్పుడు రమ్మంటారో తేదీ అడిగి, ఆ తేదీకి తప్పక వెళ్ళండి.

ద్వారం దగ్గర బల్లపై నోటుపుస్తకాలు ఉన్నాయి. ఊరికి ఒకటి తీసుకోండి. రేపు ఉదయం మొదటి బస్సు వేళకే వ్రాత మొదలుపెట్టాలి.