మంచిరేవులు విడిచిన ఓడ

(రేడియో ప్రసంగ పాఠము)

ఈ వారపు ధ్యానానికి అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయమును తీసుకున్నాము. బైబిలు దగ్గర ఉన్నవారు తెరిచి పెట్టుకోండి. లేనివారు ఊరకే వినండి, కథ నేను చెబుతాను. సముద్రం పక్కన పుట్టి పెరిగిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి ఈ అధ్యాయమును పెద్దగా వివరించనక్కరలేదు.

వాక్యానికి వెళ్లకముందు నా తప్పు ఒకటి మీతో ఒప్పుకోవాలి.

2018 అక్టోబరు 10వ తేదీ సాయంత్రము నేను వజ్రపుకొత్తూరు మండలంలో ఒక సంఘపెద్ద గారి ఇంట్లో ఉన్నాను. తిత్లీ తుపాను గోపాల్‌పూర్‌కు, కళింగపట్నానికి మధ్య తీరం దాటుతుందని రేడియోలో చెబుతున్నారు. ఆ పెద్దాయన వాకిట్లో మంచం మీద కూర్చుని, "మన కాడికి రాదు అయ్యగారూ. గోపాలపూరు ఎల్లిపోద్ది. మా తాతల నాటి నుంచీ సూస్తన్నాం గదా, ఎప్పుడూ వచ్చీవే" అన్నారు. నేనూ తల ఊపాను. ఎందుకంటే 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ వైపే పోయింది. 2014లో సరిగ్గా అదే తేదీన, ఆదివారంనాడు, హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడి విజయనగరం జిల్లాను కూడా ఊడ్చింది. ఉద్దానం రెండింటికీ నడుమ మిగిలిపోయింది. మనది కాపాడబడిన నేల అనుకున్నాము. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో తుపాను తప్పిపోయినందుకు ముందుగానే స్తోత్రము కూడా చెల్లించాను.

తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. నలుగురము తలుపుకు వీపులు ఆనించి కూర్చున్నాము. వెలుగు వచ్చాక తోటలోకి వెళ్తే నిలబడి ఉన్న కొబ్బరిచెట్లు వేళ్లమీద లెక్కపెట్టవచ్చును. జీడిచెట్లు వేళ్లతో సహా తిరగబడి ఉన్నాయి. పనసచెట్టు ఇంటి మీద పడింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడు సంవత్సరాలు పడుతుంది. ఉద్దానంలో చెట్టును ఇంటికి పెద్దకొడుకు అంటారు. పెద్దాయన తన తండ్రి నాటిన చెట్టు మొదలు మీద కూర్చుండిపోయారు, ఏమీ మాట్లాడలేదు. మనకు పైనున్న కొండల్లో, ఒడిశా గజపతి జిల్లాలో, సముద్రానికి అంత దూరాన కూడా కొండచరియ విరిగిపడి జనం చనిపోయారని తరువాత తెలిసింది.

తరువాతి ఆదివారము నేను చేసిన ప్రసంగము ఏమిటో తెలుసా? కడవరి దినముల సూచనలు! గట్టిగానే చెప్పాను. ఆరాధన అయిన తరువాత పెద్దాయన మనవరాలు, ఇంటర్మీడియట్ చదివే పిల్ల, నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, తుపాను రాకడ గుర్తు అన్నారు. మా మేడమ్ సముద్రం వేడెక్కడం వల్ల ఇవి బలంగా వస్తున్నాయంటారు. రెండూ నిజమైతే, సముద్రాన్ని వేడెక్కించింది ఎవరు అయ్యగారూ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. "పరీక్షలు బాగా చదువమ్మా" అని పంపించివేశాను. ఆ పిల్ల ప్రశ్న నన్ను విడువలేదు. నేటి వర్తమానము దానికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు అనుకోండి.

వాతావరణ మార్పు అబద్ధమని మన ఊళ్లలో ఎవరూ ఎదురు నిలిచి వాదించరు. ఆ వాదము అమెరికాలో టీవీల్లో చేస్తారు. మన దగ్గర కాదనడము వేరే బట్టలు కట్టుకుని వస్తుంది. "తుపాన్లు ఎప్పుడూ వచ్చేవే" అంటుంది. "అంతా దేవుని చిత్తము" అంటుంది. "లోకము అంతమవుతున్నప్పుడు మనమేమి చేయగలము" అని నిట్టూరుస్తుంది. 2021 చివర, 2022 మొదట్లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వారు సీఓటర్ సంస్థతో కలిసి మన దేశమంతటా ప్రజలను అడిగారు. సంగతి ఏమిటో వివరించి చెప్పిన తరువాత నూటికి 84 మంది భూమి వేడెక్కుతున్న మాట నిజమే అన్నారు. ఎక్కువగా మనుషుల వల్లనే అన్నవారు 57 మంది. ప్రకృతిలో దానంతట అదే వచ్చే మార్పు అన్నవారు 31 మంది. ఆ 31 మందిలో నేనూ ఒకడిని, ప్రియులారా. పులుపీఠం ఎక్కి ఆ మాటకు వాక్యపు ముద్ర వేసినవాడిని.

ఇప్పుడు ఓడ దగ్గరకు వద్దాము.

పౌలు ఖైదీగా రోమాకు పోతున్నాడు. గోధుమలు వేసుకుని అలెక్సంద్రియ నుండి ఇటలీకి పోయే ఓడ. క్రేతు దీవిలో మంచిరేవులు అనే చోట ఆగింది. అప్పటికే ఉపవాస దినము గడిచిపోయిందని లూకా రాశాడు. యూదుల ఆ ఉపవాసము సెప్టెంబరులోనో అక్టోబరులోనో వస్తుంది. అంటే సరిగ్గా మన తుపాన్ల కాలమే. ఈ ప్రయాణం నష్టంతో ముగుస్తుందని పౌలు హెచ్చరించాడు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఈ హెచ్చరికకు ముందు దేవదూత కనబడినట్లు లూకా రాయలేదు. దూత సంగతి చాలా తరువాత వస్తుంది. పౌలు అంతకుముందే ఎన్నోసార్లు సముద్రంలో పోయినవాడు, ఓడ పగిలి బ్రతికినవాడు. కాలమును చూశాడు, గాలిని చూశాడు, చెప్పాడు. ఇవాళ ఆ పని చేసేవారిని వాతావరణ శాఖవారు అంటాము.

శతాధిపతి ఎవరి మాట విన్నాడు? ఓడ నడిపేవాని మాట, ఓడ యజమానుని మాట. యజమానునికి గోధుమల సొమ్ము ముఖ్యము. పైగా ఆ రేవు చలికాలము గడపడానికి సౌకర్యంగా లేదు. ఎక్కువమంది బయలుదేరుదామన్నారు. అన్నిటికీ మించి, ఆ పూట గాలి హాయిగా వీచింది! ఇంకేమి కావాలి? పౌలు మాట తప్పయిందని అందరికీ అనిపించి ఉంటుంది. కొద్దిసేపటికే దీవి మీద నుండి ఊరకులోను అనే పెనుగాలి వారి మీద పడింది.

ఒక సంవత్సరము వానలు బాగా పడి, ఉభాలు వేళకు అయి, అక్టోబరు ప్రశాంతంగా గడిచిపోతే మనము ఏమంటాము? "ఏదీ, మార్పు మార్పు అన్నారు" అంటాము. ఆ హాయిగా వీచిన గాలి అదే.

శాస్త్రజ్ఞులు చెప్పేదాన్ని పెంచకుండా, తగ్గించకుండా మీకు చెబుతాను. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ భూమి మీద దుప్పటిలా పరచుకుంటుంది. యంత్రాల యుగానికి ముందు అది గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లు ఉండేది, ఇప్పుడు 420 దాటింది. ఇది నిన్న మొన్న పుట్టించిన మాట కాదు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు అరేనియస్ 1896లోనే ఈ లెక్క వేశాడు. అదనంగా నిలిచిపోయిన వేడిలో నూటికి 90 వంతులకు పైగా సముద్రము మింగుతున్నది. తుపానుకు ఆహారము వేడి నీరే. తిత్లీని ఈ వేడే పుట్టించిందని ఎవరూ అనరు. తుపాన్ల లెక్క పెరిగిపోయిందని కూడా అనరు. వచ్చే వాటిలో మహా బలమైనవి ఎక్కువవుతున్నాయని, వాటితో వాన ఎక్కువ కురుస్తుందని, ఎత్తు పెరుగుతున్న సముద్రము ఉప్పెనను ఇంకా లోపలికి తెస్తుందని అంటారు. కాబట్టి "తుపాన్లు ఎప్పుడూ వచ్చేవే" అన్న మాట అబద్ధము కాదు. అందుకే అది అంత ప్రమాదము. సగము నిజము మనిషిని నిద్రపుచ్చినంతగా పూర్తి అబద్ధము నిద్రపుచ్చలేదు.

ఓడ యజమానుని సంగతి కూడా చెప్పాలి. అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్‌లో పనిచేసిన శాస్త్రజ్ఞులు 1970ల చివరి నుండే భూమి ఎంత వేడెక్కుతుందో లోపల లెక్కలు వేశారు. ఆ లెక్కలు చాలావరకు సరిగ్గా ఉన్నాయని 2023లో ‘సైన్స్’ పత్రికలో పరిశోధన వచ్చింది. అదే కంపెనీ బయట ప్రజలతో మాత్రము ఇంకా ఏదీ తేలలేదని చెబుతూ వచ్చింది. గోధుమల మీద కన్ను ఉన్నవాని దగ్గర గాలి కబురు అడిగితే ఏమి చెబుతాడు?

బొగ్గు సంగతి మనకు దూరపు సంగతి కాదు. సోంపేట బీలలో థర్మల్ కరెంటు ఫ్యాక్టరీ వద్దని రైతులు, మత్స్యకారులు అడ్డు నిలిచినప్పుడు 2010 జూలై 14న కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ఫ్యాక్టరీకి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. మరుసటి సంవత్సరము ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోనూ కాల్పులు జరిగాయి. ఆ జనము వాతావరణ మార్పు గురించి పోరాడలేదు. బీల నీరు పోతే చేప పోతుందని, పంట పోతుందని వారికి తెలుసు, అంతే. అభివృద్ధి తెలియని మొద్దులని వారిని అన్నవారున్నారు. ఆ రోజుల్లో నేను వారి కోసము ప్రార్థించాను గాని వారి పక్కన నిలబడలేదు.

"మరి శాస్త్రము నమ్మితే విశ్వాసము పోదా అయ్యగారూ?" అని కొందరు ఉత్తరాలు రాస్తారు. సర్ జాన్ హాటన్ అని వేల్స్ దేశస్థుడు ఒకాయన ఉండేవారు. ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరు, బ్రిటన్ వాతావరణ శాఖకు అధిపతి. ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘములో శాస్త్ర విభాగము నివేదికలను ఏళ్ల తరబడి ముందుండి నడిపించారు. ఆయన బైబిలు చేతబట్టుకున్న క్రైస్తవుడు. 2020లో ప్రభువునందు నిద్రించారు. ఆయనకు గాలిలోని లెక్కలు చూడడము, సృష్టికర్తను ఆరాధించడము రెండూ ఒకే పనిగా కుదిరాయి.

ఇంకొక మాట న్యాయమైనది, దాన్ని తోసివేయను. "పొగ వదిలినది వాళ్లు, కొట్టుకుపోతున్నది మనము" అంటారు. నిజమే. అమెరికాలో ఒక మనిషి సంవత్సరానికి 14 టన్నుల చొప్పున ఈ వాయువును వదిలితే మన దేశంలో సగటున సుమారు 2 టన్నులు. ఉద్దానంలో కొబ్బరికాయలు వలిచే తల్లి వదిలేది అందులో ఎంత? ఆ ఓడలో పౌలు కూడా ఖైదీయే. ప్రయాణము వద్దన్నవాడే. అయినా "నేను చెప్పాను కదా" అని మూల కూర్చోలేదు. ఒక్క మాట మందలించాడు, తరువాత పనిలో దిగాడు.

నాకు ఈ అధ్యాయంలో అన్నిటికంటే కళ్లు తెరిపించిన చోటు ఇప్పుడు వస్తుంది. పెనుగాలిలో అనేక దినాలు సూర్యుడు లేడు, నక్షత్రము లేదు. అప్పుడు దూత వచ్చి, ఓడలోని వారందరూ బ్రతుకుతారని పౌలుకు వాగ్దానము ఇచ్చాడు. 276 మంది. వాగ్దానము దేవునిది, ఇక అనుమానము లేదు. అయినా పద్నాలుగవ రాత్రి ఓడవారు లంగరులు వేస్తున్నట్లు నటిస్తూ చిన్న పడవను దించి తప్పించుకోబోతే పౌలు ఏమి చేశాడు? దేవుడు చూసుకుంటాడులే అని పడుకోలేదు. వారు ఓడలో ఉండకపోతే మీరు బ్రతకరని సైనికులకు చెప్పాడు. సైనికులు కత్తులు తీసి పడవ తాళ్లు కోసివేశారు. తెల్లవారబోతుండగా అందరిచేత రొట్టె తినిపించాడు. ఆపైన గోధుమలు సముద్రంలో పారబోశారు. ఏ గోధుమల కోసము రేవు విడిచారో ఆ గోధుమలే!

నోవహుకు ఇచ్చిన వాగ్దానము చూపించి, విత్తు కాలము, కోత కాలము ఆగవని దేవుడే అన్నాడు కదా, ఇక భయమేమిటని నేనే ఎన్నోసార్లు బోధించాను. వాగ్దానము నిలుస్తుంది. అయితే అది తాడు కోయనక్కరలేదని ఇచ్చిన సెలవు కాదు. 1999 అక్టోబరులో ఒడిశా మీద మహా తుపాను పడినప్పుడు సుమారు పదివేల మంది చనిపోయారు. 2013లో ఫైలిన్ అదే ఒడిశా మీద పడితే పోయిన ప్రాణాలు పదులలోనే. దేవుడు రెండు తుపాన్లలోనూ ఆ దేవుడే. రెండవసారి లక్షలాది మందిని ముందుగా ఖాళీ చేయించారు, హెచ్చరికను నమ్మారు.

కాబట్టి సంఘ కాపరులకు నా మనవి. అక్టోబరు రాకముందే మీ మందిరము పైకప్పు చూసుకోండి. తాళంచెవి ఊరిలో ఇద్దరి దగ్గర ఉండాలి, వారిలో ఒకరు క్రైస్తవేతరులైనా మంచిదే. మంచం దిగలేని వారు ఏయే ఇళ్లలో ఉన్నారో రాసి పెట్టుకోండి. తీరము వెంట సరుగుడు, తాటి, మొగలి నరకబోతే అడగండి. ఊరికి బొగ్గు వస్తుందంటే, చెరువు పూడ్చుతారంటే గ్రామసభకు వెళ్లండి. అక్కడ మాట్లాడడము రాజకీయము అని ఎవరైనా అంటే అననివ్వండి.

2021 సెప్టెంబరు 26 ఆదివారము. గులాబ్ తుపాను కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటుతుందని చెప్పారు. అప్పటికి డిగ్రీ చదువుతున్న ఆ మనవరాలు శ్రీకాకుళం నుండి ఫోను చేసి తాతకు గంటగంటకూ కబురు చెబుతున్నది. నేను ఆరాధనను ముందే ముగించాను. మధ్యాహ్నానికల్లా పెద్దాయన మందిరము తలుపులు తీసి, చాపలు పరిపించి, వీధి వీధి తిరుగుతున్నారు. ఆయన వెనుక నేనూ వెళ్లాను. ఒక ఇంట్లో పక్షవాతముతో మంచాన పడిన ముసలమ్మ. ఆమె కొడుకు గుమ్మంలో నిలబడి, "ఎందుకు మామా ఈ హడావిడి? ఎప్పుడూ వచ్చీదే గదా, గోపాలపూరు ఎల్లిపోద్ది" అన్నాడు.

"ఎల్లిపోనీ. నువ్వు ఆ పక్క మంచం పట్టు" అన్నారు పెద్దాయన.