గోదావరీనది జమాఖర్చు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గోదావరి యనగానే జనులకు ముందుగా స్ఫురించునది పుణ్యస్నానము. గౌతమ మహర్షి బ్రహ్మగిరిపై తపమొనర్చి, గోహత్యాదోషము బాపుకొనుటకై శివుని జటాజూటమునుండి గంగను దింపెననియు, అందుచేతనే ఈ నది గౌతమియైనదనియు పురాణములు చెప్పుచున్నవి. ఆ కథను తక్కువ చేయవలసిన పనిలేదు. అయితే నది పుణ్యమునే గాక మట్టిని కూడ మోయును. ఒకచోట కోయును, ఒకచోట మోయును, మరియొకచోట పరచును. ఈ మూడు పనుల లెక్క తెలిసినగాని బోధను చెరకు మళ్ళ చరిత్రయు, నిజాంసాగరు కష్టసుఖములును బోధపడవు.

నాసిక సమీపమందలి త్ర్యంబకమున, సముద్రమట్టమునకు సుమారు 1,067 మీటర్ల ఎత్తున గోదావరి పుట్టుచున్నది. అచ్చటికి పశ్చిమసముద్రము ఇంచుమించు 80 కిలోమీటర్ల దూరమే. అయినను ఆ నీరు దగ్గరి దారి విడిచి, తూర్పుముఖమై 1,465 కిలోమీటర్లు నడచి బంగాళాఖాతమున గలియుచున్నది. దక్కను పీఠభూమి పడమట మిట్టగాను, తూర్పున పల్లముగాను ఉండుటయే ఇందుకు హేతువు. ఆ పీఠభూమిపై పరచుకొన్న నల్లరాయి సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములకు పూర్వము భూగర్భమునుండి పొంగి గడ్డకట్టినది. ఎండకు పగిలి, వానకు నాని, ఆ రాయియే నల్లరేగడి యైనది.

ప్రాచీనకాలమున గోదావరీతీరమందు వెలసిన జనపదమునకు అశ్మకమని పేరు. అశ్మమనగా రాయి. దాని రాజధానియగు పోదనమే నేటి బోధనని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. రాతిపేరు గల సీమయందు చెరకు పండినదన్నచో, అది రాతిని మట్టిగా మార్చిన ఎండవానల చలువయు, ఆ మట్టిని పంచిన ఏరుల చలువయు.

నది కొండపై నున్నప్పుడు వాలు హెచ్చు, వేగము హెచ్చు. అందుచేత అది అడుగునకు కోయును, లోయలు లోతగును. ప్రవాహవేగము రెట్టింపైనచో అది దొర్లింపగల రాతి బరువు 64 రెట్లగునని శాస్త్రజ్ఞుల లెక్క. వేసవియందు గులకరాయినైనను కదల్పలేని వాగు, శ్రావణమాసపు వరదలో బండలను దొర్లించుకొని పోవుట ఇందువలననే. వేగము తగ్గినప్పుడు నది తన బరువును వరుసగా దింపును. ముందు బండలు, పిమ్మట గులకరాళ్ళు, ఆ పిమ్మట ఇసుక, తుదకు మెత్తని ఒండ్రు. ధాన్యమును తూర్పారబట్టు రైతునకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. బరువుగింజ దగ్గర పడును, పొల్లు దూరము పోవును.

మైదానమునకు దిగిన నది అడుగునకు కోయుట తగ్గించి ప్రక్కలకు కోయనారంభించును. వంపు తిరిగినచోట వెలుపలి ఒడ్డున నీటి ఒరవడి తగిలి గట్టు విరుగును. లోపలి ఒడ్డున నీరు మందగించి ఇసుక మేటవేయును. ఈ విధముగా వంపు ఏటేట జరుగును. వెలుపలి ఒడ్డు రైతునకు పట్టాలో ఎకరమున్నను, పొలమున ఏరుండును. సర్వేనంబరు కాగితముపై కదలదు. భూమి మాత్రము కదలిపోవును. ఎదుటి ఒడ్డున వెలసిన క్రొత్త మేటకు పేరుండదు, గట్టుండదు, తగవు మాత్రముండును. నదీతీర గ్రామములలో ఇట్టి తగవులు తరతరములుగా నున్నవి.

ఇక మంజీర కథ. బీడు జిల్లాయందలి బాలాఘాటు కొండలలో పుట్టి, ఆగ్నేయముగా ప్రవహించి, సంగారెడ్డి ప్రాంతమున ఉత్తరమునకు మరలి, మొత్తము 724 కిలోమీటర్లు నడచి కందకుర్తికడ గోదావరిలో గలియుచున్నది. హరిద్రానదితో గూడి ఆ చోటు త్రివేణీసంగమమైనది. అచ్చటి నదీగర్భమున నున్న శివాలయమును వరద ముంచుటయు, వరద తగ్గిన పిమ్మట అది తిరిగి కనబడుటయు యాత్రికులెరిగినదే.

ఆ మంజీరపై అచ్చంపేట, బంజెపల్లి గ్రామములకడ 1923లో ఆరంభమై 1931లో పూర్తియైనది నిజాంసాగరు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున, నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహద్దూరు ఇంజనీరింగు పర్యవేక్షణలో జరిగిన నిర్మాణమది. తలపెట్టిన ఆయకట్టు 2,75,000 ఎకరములు. ఆ కాలువల నీటితో బోధను పరిసరముల చెరకు విరివిగా పెరిగినది. 1937లో శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. బండ్లబారులు, బెల్లపువాసన, కూలివారి బస్తీలు, అన్నియు ఆ నీటివెంట వచ్చినవే. 2015 డిసెంబరులో కర్మాగారము మూతపడినది. పెక్కు చెరకు మళ్ళు వరిమళ్ళైనవి. పంట మారినది గాని ఆధారము మారలేదు. నాడును నీరే, నేడును నీరే.

ఆ నీటి గిడ్డంగి స్థితి చూడుడు. కట్టిననాడు నిజాంసాగరు పట్టు సుమారు 29.7 టి.ఎం.సి. 1970 ప్రాంతమునకు అది 12 టి.ఎం.సి. లోపునకు దిగినది. పిమ్మట నీటిమట్టమును పెంచగా 17.8 టి.ఎం.సి. అయినది. నలువదేండ్లలో సుమారు 18 టి.ఎం.సి. చోటును పూడిక ఆక్రమించినదన్నమాట. ఒక టి.ఎం.సి. యనగా వందకోట్ల ఘనపుటడుగులు. అడుగు లోతున పరచినచో 22,957 ఎకరములు నిండును. 18 టి.ఎం.సి. పూడికను ఆయకట్టు 2,75,000 ఎకరములపై సమముగా పరచినచో ఒకటిన్నర అడుగుల మందమగును. పొలమున పడినచో పంటకు బలమగు మట్టి, జలాశయమున పడి పంటకు నీరులేకుండ జేసినది. ఆ మట్టి ఆకాశమునుండి పడలేదు. ఎగువ పొలములనుండి, గట్టులేని మిట్టలనుండి, చెట్లు పోయిన గుట్టలనుండి వచ్చినది.

పోచంపాడున 1963 జూలై 26వ తేదీన పండిత నెహ్రూ పునాదిరాయి వేసిన శ్రీరాంసాగరునకును ఈ బాధ తప్పలేదు. 112 టి.ఎం.సి.ల పట్టు 1994 నాటికి 90కి తగ్గినది. అటుపిమ్మట 80 ప్రాంతమునకు దిగినది. నిండిన జలాశయపు వెనుకనీరు నదివేగమును అణచును. వేగము తగ్గినచోట ఒండ్రు దిగును. ముందు చెప్పిన సూత్రమే ఇది.

దిగువకు పోయిన గోదావరిలో కాళేశ్వరముకడ ప్రాణహిత, ఆ దిగువన ఇంద్రావతి, కూనవరముకడ శబరి చేరును. పాపికొండల ఇరుకున దూరి వెలువడి, రాజమహేంద్రవరము దాటి, ధవళేశ్వరము దిగువన గౌతమీ వాసిష్ఠ శాఖలుగా చీలును. ఇచ్చట వాలు దాదాపు లేదు. నది తన మూట విప్పును. ఆ మూటయందలి మట్టియే కోనసీమ. సర్ ఆర్థర్ కాటన్ 1847లో ఆరంభింపగా 1852లో పూర్తియైన ఆనకట్ట ఆ మట్టికి నీరు చేర్చినది. కాకినాడ యెదుట గల హోప్ ద్వీపము కూడ గోదావరి ఇసుకతో గడచిన రెండు శతాబ్దములలో పెరిగినదే.

కాని ఎగువ జలాశయములలో నిలిచిపోయిన మట్టి సముద్రతీరమునకు చేరదు. సముద్రమునకు గోదావరి చేర్చు ఒండ్రు 1970 దశకముతో పోల్చగా 1990 దశకమునకు సగమునకంటె తక్కువైనదని పరిశీలకులు తేల్చిరి. డెల్టా తీరమున పలుచోట్ల కడలి నేలను కోయుచున్నది. నిజాంసాగరులో హెచ్చైన పద్దే కడలియొడ్డున కొరతగా తేలినది. నది లెక్కలో ఏ పద్దును దాచుటకు వీలులేదు.

ఆనకట్టలు తప్పని చెప్పుట కృతఘ్నత. అవి లేనిచో ఈ సీమకు అన్నమెక్కడిది? చేయదగినది వేరు. మట్టిని అది పుట్టినచోటనే ఆపవలెను. వాలునకు అడ్డముగా దున్నుట, గట్లు నిలుపుట, ఒర్రెలకు రాతికట్టలు వేయుట, వాగుల ఒడ్డున గడ్డియు చెట్లును పెంచుట, చెరువు పూడికను వేసవిలో తిరిగి పొలములకు తోలుట. ఈ చివరిపని తాతలనాటి ఆచారము. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ దానికి మరల ఊపిరిపోసినది. నదిలోని ఇసుకను తవ్వుటయందును మితము వలయును. నదిగర్భము లోతైనకొలది ఒడ్డుబావుల నీరు అడుగంటును.

ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. పురాణములు, కావ్యములు, పత్రికలు ఉన్న ఈ బీరువాలలో ఒక దస్తరమునకు చోటీయదగును. ఏటేట వరద ఏ రాతిమెట్టు వరకు వచ్చినది, ఏ పొలము గట్టు ఎన్ని గజములు విరిగినది, చెరువులో కర్ర దింపినచో పూడిక ఎంత తగిలినది, బావినీరు ఎన్ని మట్టలు దిగినది, ఈ నాలుగు సంగతులు తేదీతో వ్రాసి పెట్టిన చాలును. బడిపిల్లలు కొలువగలరు, పెద్దలు సరిచూడగలరు. స్వర్ణోత్సవము నాటికి ఆ దస్తరము ఈ బీరువాలలోని ఏ గ్రంథమునకును తీసిపోదు. ఎగువ రైతు తన గట్టును చక్కబెట్టుకొన్నచో దిగువ రైతునకు నీరు మిగులును. ఆ బుద్ధి గోదావరీమాత అందరికి ప్రసాదించుగాక. స్వస్తి.