పసిబిడ్డల పోషణ: దయాదానము కాదు, ప్రభుత్వ బాధ్యత

(ఫెడరేషన్ అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో అంగన్‌వాడీల ప్రసక్తి ఎందుకని కొందరికి సందేహము కలుగవచ్చును. మన వేతనాలు, పెన్షను, ఖాళీల భర్తీ వంటి సమస్యలే తీరకున్నవి గదా అని అనిపించవచ్చును. ఆ సందేహానికి సమాధానము మన పనిస్థలాల్లోనే ఉన్నది. లైను డబ్లింగు పని జరుగుచున్న చోటికి వెళ్లి చూడండి. కంట్రాక్టరు క్రింద కంకర మోసే తల్లి తన చంటిబిడ్డను చెట్టుకొమ్మకు కట్టిన పాతచీర ఉయ్యాలలో పడుకోబెట్టి పనిలోకి దిగుతున్నది. ఆ ఉయ్యాల ఊపేది ఎనిమిదేళ్ల అక్క. చిన్నబిడ్డకు వేళకు పాలు లేవు. పెద్దబిడ్డకు బడి లేదు. మనము నడిపే రైళ్లకు దారి వేసినది ఆ తల్లి చేతులే.

ఇట్టి బిడ్డల కొరకే 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము 33 ప్రాజెక్టులతో ప్రారంభమైనది. అనుబంధ పోషకాహారము, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్ద వైద్యానికి సిఫారసు, బడికి ముందు విద్య, తల్లులకు పోషణ, ఆరోగ్య బోధన అనే ఆరు సేవలు ఒకే చోట అందవలెనన్నది దాని ఆశయము. నేడు దేశములో మంజూరైన అంగన్‌వాడీ కేంద్రములు దాదాపు 14 లక్షలు. ఇంతటి విస్తరణ తనంతట తాను రాలేదు. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2001 నుండి వరుసగా ఆదేశాలిచ్చినది. 2013లో ఆహార భద్రతా చట్టము వచ్చినది. 3 నుండి 6 ఏండ్ల బిడ్డకు దినమునకు 500 కేలరీల ఆహారమును ఆ చట్టము నిర్దేశించినది.

అయినను ఫలితమేమి? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము అయిదేండ్లలోపు పిల్లలలో 35.5 శాతము మంది వయసుకు తగిన ఎత్తు పెరుగలేదు. అనగా ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా. 2017లో కేంద్రము ఒక్కొక్క బిడ్డ పోషకాహారమునకు రోజుకు 8 రూపాయలు నిర్ణయించినది. ఆ 8 రూపాయలతో పప్పు, నూనె, కూరగాయలు ఎంత వచ్చునో మన ఇండ్లలో సరుకులు కొనువారే లెక్క కట్టుకొనవచ్చును.

రాజ్యాంగములోనూ ఒక లోటు కలదు. 2002లో 86వ సవరణ 6 నుండి 14 ఏండ్ల పిల్లలకు విద్యను ప్రాథమిక హక్కు చేసినది. ఆరేండ్లలోపు వారిని మాత్రము ఆదేశిక సూత్రముల క్రిందనే 45వ అధికరణములో ఉంచినది. మెదడు అతి వేగముగా పెరిగే వయసుకే హక్కు లేకపోయినది!

ఇక ఈ సేవ చేయు స్త్రీల సంగతి. తపాలా కామ్రేడ్లకు ఈ కథ క్రొత్త కాదు. ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంట్లు సివిల్ పోస్టులలో ఉన్నవారేనని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయినను నేటి గ్రామీణ డాక్ సేవకులు పూర్తి ఉద్యోగ హోదా కొరకు ఇంకను పోరాడుచునే ఉన్నారు. అంగన్‌వాడీ కార్యకర్తల విషయములో 2006లో అదే కోర్టు వారివి సివిల్ పోస్టులు కావన్నది. 2022 ఏప్రిల్‌లో మాత్రము వారికి గ్రాట్యుటీ చట్టము వర్తించునని తీర్పు చెప్పినది. 2018లో కేంద్రము కార్యకర్తకు నెలకు 4,500, ఆయాకు 2,250 రూపాయలు నిర్ణయించినది. రాష్ట్రములు తమ వాటా కలుపుచున్నవి. దానికి పెట్టిన పేరు జీతము కాదు, గౌరవ వేతనము!

ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12న మొదలైన అంగన్‌వాడీల సమ్మె 42 రోజులు సాగినది. రాష్ట్ర ప్రభుత్వము వారిపై ఎస్మా ప్రయోగించినది. 1968లో మన ఒకరోజు సమ్మెపై వచ్చిన ఆర్డినెన్సును మనము మరువలేదు. కామ్రేడ్స్, సమ్మె చేసినప్పుడు అత్యవసర సేవ, జీతమడిగినప్పుడు స్వచ్ఛంద సేవ! ఈ రెండు మాటలు ఒకే నోట ఎట్లు వచ్చునని మనమందరము అడుగవలెను.

మరొక లోటును గమనించండి. మూడేండ్లలోపు బిడ్డకు అంగన్‌వాడీ ఇచ్చునది ప్రధానముగా ఇంటికి పట్టుకుపోయే పిండి పొట్లమే. తల్లి పనిలో నుండగా ఆ బిడ్డను చూచువారు కావలెను. 50 మంది గాని అంతకు పైబడి గాని ఉద్యోగులున్న సంస్థలో శిశుసంరక్షణ కేంద్రము ఉండవలెనని 2017 ప్రసూతి చట్ట సవరణ చెప్పినది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే సంఖ్య ఉన్నది. కాని కంట్రాక్టు కూలీలు చిన్న చిన్న ముఠాలుగా విడిపోయినచోట ఆ సంఖ్య కాగితముపై ఎన్నడును నిండదు.

కనుక మన శాఖలు రెండు పనులు చేయవలెనని కోరుచున్నాను. ఒకటి: మన కాలనీల చెంత, పని జరుగు చోట్ల ఆరేండ్లలోపు పిల్లలను లెక్కించండి. గ్రామములోగాని మురికివాడలోగాని అట్టివారు 40 మంది ఉండి కేంద్రము లేనిచో, కోరిన మూడు నెలలలోగా ఏర్పాటు చేయవలెనని 2006 డిసెంబరు 13న సుప్రీంకోర్టు ఆదేశించినది. ఆ పిటీషను వ్రాసి, తల్లులచేత సంతకము చేయించి, శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి అందజేయండి. రెండు: మన తరువాతి డిమాండ్ల పత్రములో కంట్రాక్టు పనులన్నిటా ప్రధాన యజమాని బాధ్యతపై శిశుసంరక్షణ కేంద్రము అను అంశమును చేర్చండి.

మనము సంఘటితులము, మన నోటికి బలము కలదు. ఉయ్యాలలోని బిడ్డకు నోరు లేదు. ఆ నోరు మనమే కావలెనని విజ్ఞప్తి చేయుచు సెలవు తీసుకొనుచున్నాను.