బరువునకును నేలకును నడుమ



క్రొత్త ఫ్రిజ్జు కొనదలచినపుడు దాని ధరను గూర్చియు, రంగును గూర్చియు, కరెంటు ఖర్చును గూర్చియు వారముల తరబడి ఇంటిల్లిపాదియు చర్చించు మనము, ఆ వస్తువు వీధి గుమ్మమునుండి వంటింటి మూలకు చేరవలసిన పది నిమిషముల ప్రయాణమును గూర్చి మాత్రము క్షణమైనను ఆలోచింపక, ఆ భారమును హమాలీల భుజబలమునకు విడిచిపెట్టి, వారు కూలి పుచ్చుకొని వెళ్ళిన పిమ్మట నేలమీద సాగిన తెల్లని గీతను చూచి, అంత బరువు లాగినపుడు గీత పడకుండునా యని మనకు మనమే సమాధానము చెప్పుకొందుము. ఆ సమాధానము సరియైనది కాదు. బరువు తనంత తాను నేలను గీయదు. దాని క్రింద చిక్కుకొన్న ఇసుకరేణువు గీయును.

ఎట్లనిన, ఒక పదార్థము మరియొకదానిని గీయవలెనన్న దానికంటె కఠినమైనదై యుండవలెను. జర్మను ఖనిజశాస్త్రజ్ఞుడగు ఫ్రెడరిక్ మోస్ 1812 లో ఏర్పరచిన కాఠిన్యమానమున మెత్తని టాల్కు 1 వ మెట్టునను, వజ్రము 10 వ మెట్టునను నిలిచినవి. మన ఇండ్లలో విరివిగా పరచిన తాండూరు బండలు, బేతంచెర్ల బండలు సున్నపురాతి జాతివి. పాలరాయియు ఆ వంశములోనిదే. వీనియందలి ముఖ్యఖనిజమగు కాల్సైటు స్థానము 3. చెప్పుల వెంట వీధినుండి ఇంటిలోనికి వచ్చు ఇసుకలోని క్వార్ట్‌జు స్థానము 7. గ్రానైటును, విట్రిఫైడ్ టైల్సును సున్నపురాతికంటె గట్టివే యైనను, వాని మెరుగు సైతము క్వార్ట్‌జు రాపిడికి మాసిపోవును. ఫ్రిజ్జు కాలికి తొడిగిన ప్లాస్టిక్కు, వాషింగ్ మెషీను కాలికి తొడిగిన రబ్బరు మెత్తనివే గదా యని ధైర్యపడరాదు. రేణువు ఆ మెత్తదనములో సగము దిగబడి, తక్కిన సగము మొనగా బయటికి పొడుచుకొని, పైనున్న భారమును తనమీద మోపుకొని, లాగినంత మేర ఉలివలె నడచును. అట్టి గీతమీద వ్రేలు పెట్టి తడిమి చూడుడు, గోరు తట్టుకొనును.

కనుక ఈ కార్యమున మొదటి అధికారము హమాలీది కాదు, చీపురుది. వస్తువు పోవు దారినంతయు ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, వస్తువును కొద్దిగా ఒరగించి దాని కాళ్ళ అడుగులను సైతము తుడువవలెను. సబ్బునీళ్ళు చల్లినచో సులువుగా జారునని కొందరు సలహా చెప్పుదురు; జారుట నిజమే, కాని ముందుగా జారునది మనిషి పాదము.

రెండవది గోనెపట్టా. బీరువాలను, రుబ్బురోళ్ళను మన పెద్దలు మడచిన గోనెమీదికి ఎక్కించి లాగిన పద్ధతిలో శాస్త్రము లేకపోలేదు. ఘర్షణ అనునది బరువునుబట్టియు, తాకుచున్న తలముల స్వభావమునుబట్టియు ఉండును గాని, ఆ తలముల వైశాల్యమునుబట్టి ఉండదని ఫ్రాన్సు దేశీయుడగు అమాంటన్ 1699 లోనే ప్రకటించెను. గట్టి వస్తువుల విషయమున ఈ సూత్రము చాలవరకు నిజము. అట్లయిన గోనె చేయు మేలేమి? రబ్బరు టైలును పట్టుకొనును, గోనె జారును. ఇది తలస్వభావమునకు సంబంధించిన లాభము. నాలుగు కాళ్ళ క్రింద గ్రుచ్చుకొనవలసిన ఒత్తిడిని మడతలు కొంత పరచును. ఇది నేలకు లాభము. గోనె కొనను పట్టి లాగువాడు సహజముగనే వంగి లాగును గనుక వస్తువు తల్లక్రిందులు కాదు. ఇది అందరకును లాభము. కాని సిమెంటు సంచిని మాత్రము ఈ పనికి వాడరాదు. బియ్యపు గోనెనైనను తిరగవేసి దులిపి చూడుడు, ఎన్ని మట్టిబెడ్డలు రాలునో. పాత కంబళి శ్రేష్ఠము.

టైల్సు పరచిన ఇంట మరియొక పరీక్ష కలదు. దారిలోని టైలును వ్రేలి కణుపుతో కొట్టి వినవలెను. డొల్లగా మ్రోగినచో దాని క్రింద సిమెంటు నిండలేదని అర్థము, అట్టిచోట ఒక్క కాలి ఒత్తిడికే పగులు రావచ్చును. దానిపై ప్లైవుడ్ పలక పరచి దాటింపుడు. గడప యొద్ద లాగుట మాని, ఇరువురు చెరియొక ప్రక్క పట్టి ఎత్తవలెను.

యంత్రముల సంగతి క్లుప్తముగా చెప్పెదను. ఫ్రిజ్జును ఖాళీ చేసి, తలుపును త్రాటితో కట్టి, నిలువుగనే నడపవలెను. పడుకోబెట్టినచో కంప్రెసరులోని నూనె గొట్టములలోనికి ప్రాకును గనుక, నిలబెట్టిన పిదప కొన్ని గంటలు ఆగి కరెంటు ఇవ్వవలెను. ముందు తలుపు గల వాషింగ్ మెషీను కదలకుండ బరువు దిమ్మలతో కూడియుండును గనుక కంటికి కనిపించుదానికంటె భారము. దూరము పోవునపుడు డ్రమ్మును బిగించు బోల్టులు తప్పక పెట్టవలెను.

ఇంత చెప్పియు అసలు నేరస్థుని పేరు చెప్పనైతిని. ఫ్రిజ్జు పదేండ్లకొకమారు కదలును. గ్యాస్ బండ నెలనెలకు కదలును. అందులో గ్యాసు 14.2 కిలోలు, ఇనుముతో కలిసి ఇంచుమించు 30 కిలోలు. దాని అడుగుకట్టు ఇనుపది, పైగా త్రుప్పుపట్టినది. దానిని గుమ్మమునుండి పొయ్యివరకు దొర్లించియు, ఈడ్చియు తెచ్చుటచేత నేలకు కలుగు హాని తక్కిన వస్తువులన్నిటి హానికంటె అధికము. చక్రములు గల సిలిండరు స్టాండు బజారున స్వల్ప వెలకే దొరకును. ఇంటికి పోవునపుడు ఒకటి కొనుడు. బండ తెచ్చిన కుర్రవానిని గుమ్మములోనే దానిమీద దింపుమనుడు.