పిలుపునకు లేచిన బాలుడు

ఒక సాయంకాలము మేము వరంగల్లు దాపునగల ధర్మసాగరము చెరువుకట్ట మీద నిలిచియుంటిమి. ఊరివైపు నుండి ఒక తల్లి కొడుకును కేకవేసినది. ఆటలోనున్న బాలుడు “వస్తున్ననే అవ్వా” అని పలికెనేగాని కదలలేదు. రెండవ పిలుపునకు తల యెత్తెను. మూడవ పిలుపునకు గాని లేవలేదు. మన యిండ్లలో నిత్యము జరుగునదే కదా యని నవ్వుకొంటిమి. అంతలో మాకు సమూయేలు కథ జ్ఞప్తికి వచ్చినది.

క్రైస్తవ గృహములందు పిల్లలు మొదట వినెడి కథలలో నిది యొకటి. హన్నా బిడ్డకై ప్రార్థించి, కలిగిన కుమారుని షిలోహులోని దేవమందిరమునకు సమర్పించినది. అచట చూపు మందగించిన వృద్ధయాజకుడు ఏలీకి ఆ బాలుడు పరిచర్య చేయుచుండెను. ఒకరాత్రి ఎవరో పేరుపెట్టి పిలువగా, ఏలీయే యనుకొని పరుగెత్తెను. తాను పిలువలేదని ఏలీ పంపివేసెను. మూడుమారులిట్లే జరిగినను బాలుడు విసుగుకొనక లేచెను. తుదకు అది దైవస్వరమని గ్రహించి, బదులు పలుకు విధము నేర్పినవాడు ఏలీయే. పెద్దల పిలుపునకు లేచుట యలవడిన బాలుడే దేవుని పిలుపునకును లేచెను.

పెద్దలమైన మనము సాధారణముగా ఇచ్చటనే కథ ముగింతుము. కష్టమైన భాగము పిమ్మటనున్నది. కుమారుల దుష్కార్యములను వారింపని ఏలీ యింటికి శిక్ష రానున్నదని దేవుడా బాలునికి తెలిపెను. అతడు తెల్లవారువరకు పండుకొని, ఎప్పటివలె మందిరపు తలుపులు తెరచెను. చెప్పుటకు భయపడెను. ఏలీయే పిలిచి, ఏమియు దాచవలదనెను. బాలుడంతయు చెప్పెను, వృద్ధుడు శిరసావహించెను. విధేయత యనగా మౌనము కాదని దీనివలన తెలియుచున్నది.

మన సీమకు ఇట్టి సమూయేలు ఒకరు వచ్చిరి. ఆయన 1874లో తిరునెల్వేలి సీమలో జన్మించిన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. తల్లి హన్నావలె ప్రార్థించి కన్నందుననే ఆయనకా పేరు పెట్టినది. తమిళుడైన ఆయన 1909లో నాటి నైజాము రాష్ట్రములోని డోర్నకల్లునకు వచ్చి, తెలుగు నేర్చి, పల్లెప్రజల మధ్య జీవించిరి. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, తెల్లమిషనరీల యెదుటనే నిలిచి, భారతీయులకు వారి త్యాగము మాత్రమే చాలదనియు, సమానులుగా నెంచు స్నేహము కావలెననియు చెప్పిరి. పలువురు నొచ్చుకొనిరి. అయినను మద్రాసు బిషపు వైట్‌హెడ్‌గారి వంటి పెద్దలు ఆయన పక్షమున నిలిచిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన ఆంగ్లికను సంఘమున ప్రథమ భారతీయ బిషపుగా అభిషిక్తులైరి. 1945లో మరణించువరకు డోర్నకల్లే ఆయన కార్యక్షేత్రము.

పిలువగనే లేవవలెనని మనము పిల్లలకు బోధించుచున్నాము; అది యుక్తమే. అట్లు లేచి వచ్చిన బిడ్డ ఏనాడైన మనకు రుచింపని సత్యము పలికినచో, ఏమియు దాచవలదని యడుగగలమా? సమూయేలును పెంచవలెనన్న ఇంటిలో ముందుగా ఒక ఏలీ యుండవలెను.